విదేశీ ఫుట్‌బాలర్లకు పన్ను తగ్గింపు: లాభం ఎవరికి, నష్టం ఎవరికి?

మిలానో_మధు (హైదరాబాద్)

ఇటలీ ఫుట్‌బాల్ టాప్ లీగ్ సెరీ ఆ చూసేవాళ్లు ఇక్కడ ఎంతమంది ఉన్నారో తెలీదు గానీ, నాకు ఒక విషయం ఎప్పట్నుంచో మింగుడుపడటం లేదు. ఇటలీ వాళ్లు 2019లో ‘డెక్రెతో క్రెషితా’ అని ఒక ఆర్డినెన్స్ తెచ్చారు. అంతకుముందు రెండేళ్లు ఇటలీ బయట ఉండి, ఇప్పుడొచ్చి కనీసం రెండేళ్లు ఉంటామన్నవాళ్లకి ఆదాయపు పన్నులో పెద్ద తగ్గింపు. మామూలు ఉద్యోగాలకి వచ్చేవాళ్లకైతే జీతంలో 70 శాతం మీద పన్ను ఉండేది కాదు. ప్రొఫెషనల్ ఆటగాళ్లకి 50 శాతం మీద ఉండేది కాదు. ఆ నాలుగేళ్లూ మిలాన్, ఇంటర్, రోమా లాంటి క్లబ్బులు మళ్లీ పెద్ద పేర్లని తెచ్చుకోగలిగాయి. 2023 డిసెంబరు ఆఖర్లో మెలోనీ ప్రభుత్వం ఆటగాళ్లకి అది ఆపేసింది.

ఇప్పుడేమో ఇంగ్లండ్‌లో అడుగున కొట్టుకునే జట్టు కూడా మాకంటే ఎక్కువ జీతం చూపించి ఆటగాణ్ని ఎగరేసుకుపోతోంది. పన్ను తగ్గిస్తే వాడు వస్తాడు, సగమైనా కడతాడు. రాకపోతే ఖజానాకి సున్నా. ఇందులో అన్యాయం ఏముందో ఎవరైనా చెప్పండి.

గోదారోడు

ఏడాదికి 36 కోట్లు చేతికి పుచ్చుకునేవాడికి సగం పన్ను మాఫీ. తెల్ల రేషన్ కార్డు కూడా ఇప్పించమందామా మధు బాబూ?

సీఏ_శారద (విజయవాడ)

మధు గారూ, “సగమైనా కడతాడు” అన్నారు కదా, కట్టేది ఎవరో ముందు చూద్దాం. ఇటలీలో గానీ స్పెయిన్‌లో గానీ పెద్ద ఆటగాళ్ల బేరం మామూలుగా గ్రాస్ జీతం, అంటే పన్ను కోయకముందు జీతం మీద జరగదు. చేతికి ఎంతొస్తుందన్న దాని మీదే జరుగుతుంది. “ఏడాదికి 40 లక్షల యూరోలు నెట్” అని ఏజెంటు అడుగుతాడు. పన్ను ఎంతైతే అంత క్లబ్బు నెత్తిన.

ఇటలీలో పై స్లాబు 43 శాతం. ప్రాంతీయ పన్నులూ అవీ పక్కన పెట్టి లెక్క వేశాను. రాయితీ లేకపోతే ఆ 40 లక్షలు చేతికివ్వడానికి క్లబ్బుకి సుమారు 70 లక్షలు ఖర్చు. రాయితీ ఉంటే దాదాపు 51 లక్షలు. తేడా 19 లక్షల యూరోలు, నాలుగేళ్ల కాంట్రాక్టు మీద 76 లక్షలు. ఆటగాడి జేబులో మాత్రం చట్టం ఉన్నప్పుడూ 40, పోయాకా 40. మరి ఆ 76 లక్షలు ఎవరికి మిగిలినట్టు? క్లబ్బు యజమానికి. మీ మిలాన్ విషయంలో అది 2022 నుంచి అమెరికాలోని ఒక పెట్టుబడి సంస్థ.

అందుకని “విదేశీ ఆటగాడికి రాయితీ” అనే పేరు దగ్గరే మనం దారి తప్పుతున్నాం అనిపిస్తుంది నాకు. రాయితీ వెళ్లేది ఆటగాణ్ని కొనేవాడికి.

మిలానో_మధు

శారద గారూ, ఆ మిగిలిన డబ్బు యజమాని ఇంటికి పట్టుకెళ్లడు కదండీ. ఇంకో ఆటగాణ్ని కొంటాడు, అతని మీదా పన్ను వస్తుంది. స్టేడియం నిండుతుంది, టికెట్ల మీద వ్యాట్ వస్తుంది, టీవీ హక్కుల రేటు పెరుగుతుంది. 2023 చివర్లో లీగ్ వాళ్లు చెప్పింది కూడా ఇదే: పోటీ తగ్గుతుంది, దాంతో రాబడి తగ్గుతుంది, ఆఖరికి అకాడమీలకు పెట్టే డబ్బూ తగ్గుతుంది అని.

వరంగల్_వింగర్

అకాడమీ మాట నువ్వే ఎత్తినవ్ కాబట్టి అడుగుతున్న అన్నా. క్లబ్బు సొంత అకాడమీలో పదేళ్లు పెంచిన ఇటలీ కుర్రాడు ఉన్నాడనుకో. వాడికీ, బయటి నుంచి వచ్చేవాడికీ ఒకే నెట్ జీతం. శారద గారి లెక్క ప్రకారం సొంత పిల్లగాడు 70కి పడతాడు, బయటివాడు 51కి పడతాడు. ఆటగాళ్లని కొనే స్పోర్టింగ్ డైరెక్టర్ ఎవరితో సంతకం పెట్టించుకుంటాడు?

దీనికి పరిహారంగా ఆ చట్టంలో ఒక చిన్న షరతు కూడా పెట్టారు: రాయితీ తీసుకునే ఆటగాడి పన్ను వేసే ఆదాయంలో 0.5 శాతం కుర్రాళ్ల క్రీడా కేంద్రాల కోసం కట్టాలి. ఇటు 19 లక్షలు మిగిలితే అటు పోయేది దాదాపు పదమూడు వేలు. నేను ఇక్కడ అండర్-15 పిల్లలకి ఆదివారాలు కోచింగ్ ఇస్తాను. అరశాతంతో గోల్ పోస్టులకి వలలు కొనొచ్చు గానీ వాళ్లకి మ్యాచుల్లో అవకాశం కొనలేం.

సీఏ_శారద

వింగర్ గారు చెప్పిన గొడవే 2022లో అక్కడా నడిచింది. చౌకగా వచ్చే విదేశీ కుర్రాళ్లు ఇటలీ కుర్రాళ్ల చోటు తినేస్తున్నారని రూలు మార్చారు. ఫుట్‌బాల్‌లో వయసు 20 దాటాలి, ఆదాయం 10 లక్షల యూరోలు దాటాలి. అప్పుడే రాయితీ.

గోదారోడు

అంటే 9 లక్షలు తెచ్చుకునేవాడు పూర్తి పన్ను కట్టాలి, 11 లక్షలు తెచ్చుకునేవాడు సగం కడితే చాలు. ఆహా. పేదరికం నేరం అని రాయలేదు గానీ మిగతాదంతా రాశారు.

సీఏ_శారద

ఉద్దేశం మంచిదే గోదారోడు గారూ, కుర్రాళ్లని కాపాడదామనే చేశారు. కానీ ఫలితం మీరన్నట్టే ఉంది. ఇంకో లెక్క చూడండి. అప్పటి స్లాబుల ప్రకారం 15 వేల యూరోల దాకా 23 శాతం, 28 వేల దాకా 25, 50 వేల దాకా 35, ఆపైన 43. ఏడాదికి 60 వేలు తెచ్చుకునే ఆసుపత్రి డాక్టరు కట్టేది 18,700. అంటే జీతంలో 31 శాతం పైగా. మనం అనుకున్న 51 లక్షల గ్రాస్ జీతగాడి మీద పడేది 21 శాతం చిల్లర. ఇద్దరూ అదే ఊళ్లో ఉంటారు, అదే రోడ్ల మీద తిరుగుతారు.

ఆదాయం పెరిగేకొద్దీ రేటు పెరగాలి అన్నది ఇటలీ రాజ్యాంగంలోనే ఉంది, 53వ అధికరణం.

మిలానో_మధు

ఆ డాక్టరు బయటి దేశం నుంచి వచ్చినవాడైతే ఆయనకీ అప్పుడు రాయితీ ఉండేది, అదీ 70 శాతం! అది ఎవరూ మాట్లాడరేం? సైంటిస్టు వస్తే ‘ప్రతిభను ఆకర్షించడం’, ఫుట్‌బాలర్ వస్తే ‘దోపిడీ’. ఇంకోటి, ఇటలీ కుర్రాళ్లు నాశనమైపోయారు అంటున్నారు. ఇటలీ 2018 వరల్డ్ కప్‌కి అర్హత పోగొట్టుకున్నది ఈ చట్టం రాకముందు. 2021 జులైలో వెంబ్లీలో యూరో కప్ గెలిచింది చట్టం నడుస్తుండగా.

వరంగల్_వింగర్

ఆ యూరో జట్టు ఆటగాళ్లు 2019లో పుట్టుకొచ్చినవాళ్లు కాదు కదా అన్నా. గోల్‌కీపర్ డొన్నరుమ్మా మిలాన్‌కి మొదటి మ్యాచ్ ఆడింది 2015లో, పదహారేళ్లప్పుడు. ఆ వయసు పిల్లగాడికి ఆ రోజు చోటు దొరికింది కాబట్టే యూరో ఫైనల్లో పెనాల్టీలు ఆపిండు. 2020లో చోటు దొరకని పదహారేళ్లోడు ఎవడో మనకి ఎప్పటికీ తెలియదు.

మాడ్రిడిస్టా_విశాఖ

ఇటలీ దగ్గరే ఆగిపోతే ఎలా, ఈ కథ మొదలైంది మా స్పెయిన్‌లో. 2005 జూన్‌లో వచ్చిన రాజ ఉత్తర్వు, నంబరు 687. అందరూ పిలిచే పేరు ‘బెక్‌హామ్ చట్టం’. నిజానికి దాన్ని ఫుట్‌బాల్ కోసం తేలేదు, కంపెనీల పెద్ద మేనేజర్లు, నిపుణులు స్పెయిన్‌కి రావాలని తెచ్చారు. కానీ 2003లో రియల్ మాడ్రిడ్‌కి వచ్చిన ఇంగ్లండ్ ఆటగాడు బెక్‌హామ్ మొదట్లోనే దాన్ని వాడుకున్నవాళ్లలో ఒకడు కావడంతో పేరు అలా అతుక్కుపోయింది.

పద్ధతి ఏంటంటే, మనిషి స్పెయిన్‌లోనే కాపురం ఉంటాడు, పన్ను మాత్రం ఎన్నారై లాగా కడతాడు. స్పెయిన్ జీతం మీద 24 శాతం. బయటి దేశాల్లో వచ్చే పెట్టుబడి ఆదాయం జోలికి స్పెయిన్ వెళ్లదు. వచ్చిన ఏడాది, ఆపైన ఇంకో అయిదేళ్లు ఇదే లెక్క. అదే డ్రెస్సింగ్ రూములో బూట్లు కట్టుకునే రవూల్, కసియాస్ స్పెయిన్ వాళ్లు కాబట్టి 43, 45 శాతం స్లాబులో. అంతెందుకు, మెస్సీ విదేశీయుడే. కానీ 13 ఏళ్లకే బార్సిలోనా వచ్చేశాడు. గత పదేళ్లలో స్పెయిన్ నివాసి అయి ఉండకూడదని అప్పటి రూలు. కాబట్టి అతనికి ఈ మార్గమే లేదు. చిన్నప్పట్నుంచి అక్కడే పెరిగిన విదేశీయుడికి పూర్తి పన్ను, నిన్న విమానం దిగినవాడికి సగం పన్ను.

గోదారోడు

మెస్సీ మీద జాలి పడకండి, ఆయన వేరే మార్గం చూసుకున్నాడు. 2016లో పన్ను ఎగవేత కేసులో 21 నెలల శిక్ష పడింది, జైలుకి వెళ్లక్కర్లేని శిక్ష అనుకోండి. రొనాల్డో 2019 జనవరిలో 23 నెలలకి ఒప్పుకుని, సుమారు 1.88 కోట్ల యూరోలు కట్టి బయటపడ్డాడు. రాయితీ ఇచ్చినా ఇవ్వకపోయినా లెక్కలు అలాగే ఉన్నాయి.

మాడ్రిడిస్టా_విశాఖ

అవి ఇమేజ్ హక్కుల డబ్బుని, అంటే పేరూ ఫోటో వాడుకున్నందుకు వచ్చే డబ్బుని, బయటి కంపెనీల ద్వారా తిప్పిన కేసులు, చట్టం ఇచ్చిన రాయితీ వేరు. రెండూ కలపకండి.

అసలు తమాషా వినండి. 2009 వేసవిలో మా వాళ్లు రొనాల్డో, కకా, బెంజెమా ముగ్గుర్నీ ఒకే ఊపులో కొన్నారు. రొనాల్డో ఒక్కడికే 9.4 కోట్ల యూరోలు. అప్పుడు స్పెయిన్ ఆర్థిక సంక్షోభంలో మునిగి ఉంది, నిరుద్యోగం చుక్కలు చూపిస్తోంది. జనం మండిపడ్డారు. ఆ ఏడాది చివర్లో పార్లమెంటు రూలు మార్చింది: 6 లక్షల యూరోలు దాటిన జీతానికి 2010 నుంచి ఈ రాయితీ వర్తించదు. లీగ్ సమ్మె చేస్తామని బెదిరించింది. అయినా మార్చారు. అప్పటికే వచ్చి ఉన్నవాళ్ల కాంట్రాక్టులకి మాత్రం పాత లెక్కే. 2015 నుంచి క్రీడాకారుల్ని మొత్తానికే తీసేశారు.

ఇప్పుడు మధు గారి వాదన దీనికి పెట్టి చూడండి. రాయితీ పూర్తిగా ఉన్న 2005 నుంచి 2010 దాకా రియల్ మాడ్రిడ్, యూరప్ క్లబ్బుల పెద్ద టోర్నీ ఛాంపియన్స్ లీగ్‌లో ప్రతి ఏడూ చివరి పదహారు దగ్గరే ఇంటికి వచ్చింది. అయిదు సీజన్లు వరసగా. ఆర్సెనల్, బయర్న్, రోమా, లివర్‌పూల్, లియోన్... గుర్తొస్తే ఇప్పటికీ బీపీ పెరుగుతుంది. క్రీడాకారులకి రాయితీ పోయాక 2016, 2017, 2018, 2022, 2024లో కప్పు గెలిచింది.

మిలానో_మధు

రియల్ మాడ్రిడ్‌ని ఉదాహరణగా తీసుకుంటే ఏ సిద్ధాంతమైనా నిలబడుతుందిలెండి. వాళ్లకి డబ్బు, పేరు, స్టేడియం అన్నీ ఉన్నాయి. పన్ను పెరిగితే దెబ్బ తగిలేది రెండో వరస క్లబ్బులకి. వాటి అభిమాని ఈ థ్రెడ్‌లో ఒక్కడూ లేడు కాబట్టి మీకు తేలిగ్గా ఉంది.

ఐండ్‌హోవెన్_ఆవకాయ

ఇప్పటిదాకా చదువుతూ ఊరుకున్నాను, ఇక రాయక తప్పడం లేదు. ఎందుకంటే ఈ రాయితీ నాకు కూడా వస్తోంది 🙂

నెదర్లాండ్స్‌లో ‘30 పర్సెంట్ రూలింగ్’ అంటే ఇక్కడి మన ఐటీ వాళ్లలో తెలియనివాళ్లు ఉండరు. ఆఫర్ లెటర్ రాగానే వాట్సాప్ గ్రూపులో పడే మొదటి ప్రశ్న “అన్నా, 30 పర్సెంట్ వస్తదా?” అనే. బయటి దేశం నుంచి పనికి తెచ్చుకున్న మనిషికి జీతంలో 30 శాతం మీద పన్ను లేదు, అయిదేళ్లు. సొంత ఊరు వదిలి వచ్చినందుకు అయ్యే అదనపు ఖర్చుకి బదులుగా అని చెబుతారు. మా ఊళ్లోనే పీఎస్‌వీ అనే ఫుట్‌బాల్ క్లబ్బు ఉంది. చిప్ మిషన్ల కంపెనీలో పనిచేసే మనవాడికి ఏ రూలో, దక్షిణ అమెరికా నుంచి పీఎస్‌వీకి వచ్చే వింగర్‌కీ అదే రూలు. నైపుణ్యం ఉందా అని పెద్దగా అడగరు, జీతం ఒక గీత దాటిందా అని చూస్తారు.

ఇందులో నాకు నచ్చిన విషయాలు రెండున్నాయి. అంతకుముందు డచ్ సరిహద్దుకి 150 కిలోమీటర్ల లోపల ఉన్నవాళ్లకి ఇవ్వరు. కాబట్టి పక్కనున్న బెల్జియం నుంచి వచ్చేవాడికి లేనట్టే, ఎందుకంటే బస్సెక్కి ఇంటికి పోగలడు. రెండోది, 2024 నుంచి పరిమితి పెట్టారు: ప్రభుత్వంలో పెద్ద అధికారికి ఇవ్వగలిగే గరిష్ఠ జీతం ఎంతో అంతవరకే రాయితీ. ఆ ఏడు అది 2 లక్షల 33 వేల యూరోలు. ఎంత పెద్ద స్ట్రైకర్ వచ్చినా ఆపైన ప్రతి యూరో మీదా పూర్తి పన్ను.

నా పక్క సీటులో డచ్ అమ్మాయి ఉంటుంది. ఒకే పని, ఒకే గ్రేడు. నెలాఖరుకి నా ఖాతాలో ఎక్కువ పడుతుంది. ఆమె ఏనాడూ ఏమీ అనలేదు గానీ, ఆమెకి తెలుసు. న్యాయమా అని అడిగితే నేను ఏం చెప్పాలి?

గోదారోడు

కాఫీ తాగించండి. 30 శాతం కాఫీలు మీవి.

లెక్కల_మాస్టారు

అర్థశాస్త్రం చెప్పి రిటైరైనవాణ్ని, నన్ను కాస్త భరించండి.

మధు చెప్పినదాంట్లో సగం నిజం ఉంది. పన్ను తగ్గిస్తే ఆటగాళ్లు వస్తారా అన్నది ఊహ కాదు, కొలిచి చూశారు. హెన్రిక్ క్లెవెన్, కామిల్ లాండే, ఇమాన్యుయెల్ సాయెజ్ అనే ముగ్గురు 1985 నుంచి 2008 దాకా 14 యూరప్ దేశాల ఫుట్‌బాల్ లీగులు తీసుకుని పరిశోధన చేశారు. 2013లో అచ్చయింది. ఫుట్‌బాలే ఎందుకంటే, ఏ ఆటగాడు ఏ ఏడు ఏ దేశంలో ఉన్నాడో అంతా బహిరంగమే. పైగా 1995లో యూరప్ కోర్టు ఇచ్చిన బాస్‌మన్ తీర్పుకి ముందు యూరప్ ఆటగాడు కూడా పక్క దేశంలో విదేశీ కోటా కిందే లెక్క, తర్వాత ఆ అడ్డు పోయింది. కాబట్టి ముందూ వెనకా పోల్చడానికి వీలు. తేలిందేమిటంటే, విదేశీ ఆటగాళ్లు పన్నుకి బాగా స్పందిస్తారు. బెక్‌హామ్ చట్టం తర్వాత స్పెయిన్‌కి వచ్చే విదేశీయులు పెరిగారు, డెన్మార్క్‌లో అంతకుముందే అలాంటి పథకం పెడితే అక్కడా పెరిగారు. సొంత దేశం ఆటగాళ్లు మాత్రం పన్ను కోసం ఊరు విడిచి వెళ్లడం చాలా తక్కువ.

అయితే అందులోనే ఇంకో సంగతి ఉంది. తక్కువ పన్ను ఉన్న దేశానికి గొప్ప ఆటగాళ్లు చేరితే, అక్కడి తక్కువ స్థాయి ఆటగాళ్లు బయటికి నెట్టబడతారు. జట్టులో ఆడేది పదకొండు మందే కాబట్టి.

ఇక మధు వదిలేసిన సగం. స్పెయిన్‌కి వచ్చిన ఆటగాడు ఆకాశం నుంచి ఊడిపడలేదు, ఇంగ్లండ్ నుంచో ఇటలీ నుంచో వచ్చాడు. అక్కడ 40 శాతమో ఆపైనో కట్టేవాడు ఇక్కడ 24 కట్టాడు. యూరప్ మొత్తం మీద చూస్తే ఖజానాలన్నీ కలిపి నష్టపోయాయి, ఆట పెరగలేదు. స్పెయిన్ 2005లో తగ్గించింది, ఆ తర్వాత ఇటలీ తగ్గించింది. పక్క వీధి కొట్టువాడు రేటు తగ్గించాడని మనమూ తగ్గిస్తూ పోతే ఆఖరికి ఇద్దరి గల్లా పెట్టెలూ ఖాళీ. ఈ పందెంలో గెలిచేది ఎలాగూ వ్యక్తిగత ఆదాయపు పన్నే లేని సౌదీ. 2023 నుంచి చూస్తున్నాం కదా.

కొత్త ఫ్యాక్టరీకి రాయితీ ఇస్తే పది మందికి పని దొరుకుతుంది. సైంటిస్టుకి ఇస్తే ఆయన ల్యాబులో ఇంకో నలుగురు నేర్చుకుంటారు. ఫుట్‌బాల్ జట్టులో ఒకడు చేరితే ఒకడు బెంచీ మీదకి పోతాడు. సైంటిస్టుని, ఫుట్‌బాలర్‌ని ఒకే గాటన కట్టడానికి నాకు మనసొప్పనిది అందుకే.

మిలానో_మధు

మాస్టారూ, ఒక పెద్ద ఆటగాణ్ని చూసి ఆట మొదలుపెట్టే పిల్లల్ని మీరు లెక్కలో వేయలేదు.

లెక్కల_మాస్టారు

వేయలేదు. వాళ్లని కొలిచే పద్ధతి ఎవరైనా చెబితే వేస్తాను.

కూకట్‌పల్లి_కీపర్

ఇంత యూరప్ ఎందుకండీ, మన ఐపీఎల్ ఉందిగా? కమిన్స్‌ని 20.50 కోట్లకి కొన్నారు సన్‌రైజర్స్. ఆయన పన్ను ఎంత? మన నితీశ్ కుమార్ రెడ్డికి 6 కోట్లు, అతని పన్ను ఎంత?

సీఏ_శారద

మంచి ప్రశ్న. మన ఆదాయపు పన్ను చట్టంలో దీనికో సెక్షన్ ఉంది, 1961 చట్టంలో దాని నంబరు 115బీబీఏ. భారత పౌరుడు కాని, ఇక్కడ నివాసి కాని క్రీడాకారుడికి ఇక్కడి ఆట ఆదాయం మీద 20 శాతం, దానిపైన సర్‌చార్జి, సెస్సు. ఖర్చులు తీసివేయడానికి వీల్లేదు, మొత్తం గ్రాస్ మీదే. ఫ్రాంచైజీ టీడీఎస్ కోసేస్తే చాలు, వేరే ఆదాయం లేకపోతే రిటర్ను కూడా అక్కర్లేదు. 2012 దాకా అది 10 శాతమే. మన ఆటగాడు మాత్రం 30 శాతం స్లాబు, పైన సర్‌చార్జి, సెస్సు. అయితే కిట్టు, ట్రైనర్, ఏజెంటు లాంటి ఖర్చులు వృత్తి ఖర్చుగా చూపించుకోవచ్చు.

పైకి చూస్తే బెక్‌హామ్ చట్టంలాగే ఉంది కదా? ఒక తేడా ఉంది. బెక్‌హామ్ స్పెయిన్‌లోనే కాపురం పెట్టాడు, మిగతా పన్ను అడిగే దేశం ఇంకొకటి లేదు. ఐపీఎల్‌కి వచ్చేవాడు రెండు నెలలు ఆడి వెళ్లిపోతాడు. ఆస్ట్రేలియా నివాసి అయితే అదే ఆదాయం అక్కడ మళ్లీ చూపించాలి, అక్కడి పై రేటు 45 శాతం. ఇక్కడ కట్టిన దానికి క్రెడిట్ ఇస్తారు, మిగతాది అక్కడ వసూలు చేస్తారు. అంటే మనం తక్కువ తీసుకున్నంత మేరా కాన్‌బెర్రా ఖజానాకి పోతుంది. ఆటగాడికి దక్కేదేమీ లేదు. వాళ్ల దేశంలో ఆదాయపు పన్ను లేకపోతేనే అది అతనికి నిజంగా లాభం.

కూకట్‌పల్లి_కీపర్

అయితే మనం 20 శాతం దగ్గర ఎందుకు ఆగాలి? ఎలాగూ వాళ్ల దేశం గుంజేదేగా, మనమే గుంజుకోవచ్చు కదా.

సీఏ_శారద

ఆ ప్రశ్నకి నా దగ్గర కాదనే సమాధానం లేదు 🙂

మోడరేటర్

క్రికెట్ మీద వేరే థ్రెడ్ తెరుచుకోండి బాబూ. ఇప్పటికే ముగ్గురు నాకు ప్రైవేట్ మెసేజ్ పెట్టారు సన్‌రైజర్స్ బౌలింగ్ గురించి.

వరంగల్_వింగర్

ఫ్రాన్స్ సంగతి ఎవరూ చెప్పలేదు. అప్పటి అధ్యక్షుడు ఒలాండ్ ప్రభుత్వం 10 లక్షల యూరోలు దాటిన జీతాల మీద 75 శాతం పన్ను అంది, 2013, 2014 రెండేళ్లు. కట్టాల్సింది యజమాని, అంటే క్లబ్బే. వెంటనే క్లబ్బులు మ్యాచులు ఆడం అని సమ్మెకి దిగుతామన్నాయి, తర్వాత వాయిదా వేసుకున్నాయి. 2009లో స్పెయిన్‌లో సమ్మె బెదిరింపు, 2013లో ఫ్రాన్స్‌లో సమ్మె బెదిరింపు. రెండుసార్లూ అరిచింది క్లబ్బులు. ఆటగాళ్ల గొంతు పెద్దగా వినపడలేదు. శారద గారి మొదటి పోస్టుకి ఇంతకంటే సాక్ష్యం ఏం కావాలి?

మిలానో_మధు

సరే, ఇంతమంది ఒక పక్కకి చేరారు కాబట్టి నా మాట సూటిగా చెబుతాను. నాకు పన్ను న్యాయం కంటే ఆదివారం రాత్రి మిలాన్ స్టేడియం శాన్ సీరోలో చూసే ఆట ముఖ్యం. ఇంగ్లండ్‌కి టీవీ డబ్బుంది, సౌదీకి చమురుంది, ఇటలీకి ఉన్న ఒకే ఒక ఆయుధం ఈ చట్టం. దాన్ని తీసి పక్కన పెట్టారు. డచ్ వాళ్లలాగా పరిమితి పెట్టినా ఒప్పుకునేవాణ్ని, మొత్తానికి తీసేయడం నాకు నచ్చలేదు.

సీఏ_శారద

పరిమితి పెట్టాక అది మీకు కావాల్సిన పెద్ద పేర్లని తేలేదు మధు గారూ. 2 లక్షల 33 వేల దాకానే రాయితీ అంటే 51 లక్షల జీతగాడికి అది టిప్పుతో సమానం. ఊరు మారే కుటుంబానికి సాయం చేయాలంటే పరిమితి సరిపోతుంది. స్టార్‌ని వేలంలో గెలవాలంటే సరిపోదు. ఏది కావాలో ప్రభుత్వం తేల్చుకోవాలి, ఇటలీ తేల్చుకుంది.

ఐండ్‌హోవెన్_ఆవకాయ

శారద గారూ, మీరు ఉన్నారు కాబట్టి సొంత పని ఒకటి అడిగేస్తా. 2027 నుంచి 30 కాస్తా 27 చేస్తున్నారు కదా. నేను 2024 మార్చిలో చేరాను. నాకు పాత లెక్కేనా?

సీఏ_శారద

2023 చివరికల్లా రూలింగ్ తీసుకున్నవాళ్లకే గడువు ముగిసేదాకా 30. మీరు 2024లో వచ్చారు కాబట్టి 2027 జనవరి నుంచి మీకు 27. అయినా అక్కడి పన్ను సలహాదారుని ఒకసారి అడగండి, నాది బెజవాడ ప్రాక్టీసు.

గోదారోడు

మూడు శాతం పోయిందా? సమ్మె చేయండి ఆవకాయ గారూ. క్లబ్బుల దగ్గర నేర్చుకోండి.